పాతికేళ్ల కిందట కోసిన కిడ్నీలో మళ్లీ రాయి: వీపులో రంధ్రమా, లేజరా?

కృష్ణలంక_పెద్దోడు:
మా నాన్నగారికి 64. 1997లో ఎడం కిడ్నీకి కోత ఆపరేషన్ చేసి రాయి తీశారు. డొక్క నుంచి వీపు దాకా జానెడు మచ్చ. ఇప్పుడు అదే కిడ్నీలో 24 మిల్లీమీటర్ల రాయి. సూర్యారావుపేటలో ఒక డాక్టరుగారు వీపులో రంధ్రం వేసి తీసే పీసీఎన్ఎల్ అన్నారు. ఇంకొకరు మూత్రం దారిలోంచి వెళ్లి లేజర్ చేద్దామన్నారు. పాత కోత వల్లే రెండో ఆయన అలా అన్నారని మా ఇంట్లో అనుకుంటున్నాం. ఏది మంచిది?

కొత్తపేట_బాబాయ్:
రంధ్రం జోలికి పోవద్దు అబ్బాయ్. ఒకసారి కోసిన చోట లోపలంతా అతుక్కుపోయి ఉంటుంది. మా బావకి దారి వెడల్పు చేసేసరికి నెత్తురు ఆగక రెండు సీసాలు ఎక్కించారు.

థియేటర్_తమ్ముడు:
పదకొండేళ్లుగా యూరాలజీ థియేటర్లో టెక్నీషియన్ని, డాక్టర్ని కాదు. అతుక్కోవడం నిజమే బాబాయ్ గారూ. దారి వెడల్పు చేయడానికి లోపల బెలూన్ ఉబ్బిస్తే మచ్చ దగ్గర నడుం కట్టినట్టు నొక్కుకుపోతుంది. అప్పుడు రేడియో ఏరియల్‌లా ఒకదాని మీద ఒకటి ఎక్కే స్టీలు గొట్టాలతో దారి చేస్తారు. టైము కొంచెం ఎక్కువ పడుతుంది, అంతే. రాయి పూర్తిగా పోవడంలో పాత కోతవాళ్లకీ మామూలువాళ్లకీ పెద్ద తేడా లేదనే చాలాచోట్ల లెక్కలు చెబుతున్నాయి. పైగా అతుక్కున్న కిడ్నీ ఊపిరికి అటూ ఇటూ జరగదు, అదొక మేలు. భయపడాల్సింది పేగు గురించి. పాత ఆపరేషన్ తర్వాత పెద్దపేగు కిడ్నీ వెనక్కి జరిగి ఉండొచ్చు, సీటీ స్కాన్ చూడకుండా రంధ్రం కోసం సూది గుచ్చకూడదు. రాయి 2 సెంటీమీటర్లు దాటితే ముందు పీసీఎన్ఎల్లే అంటారు.

బ్రాడీపేట_మిర్చి:
కొండపిండి ఆకు కషాయం నలభై రోజులు. కత్తీ వద్దు, లేజరూ వద్దు.

థియేటర్_తమ్ముడు:
ఇసక రేణువంత రాయైతే నీళ్లు తాగినా పోతుంది, పేరు ఆకుకొస్తుంది. ఇది ఉసిరికాయంత ఉందండీ.

కొత్తపేట_బాబాయ్:
అంత తేలికైతే రెండో డాక్టరు లేజర్ ఎందుకన్నాడు? ఆయనకి తెలీకనా?

థియేటర్_తమ్ముడు:
అదే నాకూ అర్థం కాలేదు. ఇంత రాయికి లేజరంటే రెండు మూడు సార్లు పట్టొచ్చు, ముక్కలు మిగులుతాయి. పెద్దోడూ, నాన్నగారు రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతున్నారా?

కృష్ణలంక_పెద్దోడు:
క్లోపిడోగ్రెల్. గుండెకి స్టెంట్ వేసి ఏడు నెలలు. ఇప్పుడే అమ్మనడిగా. మొదటాయనకి చెప్పలేదట, రెండో ఆయన మందుల చీటీ అడిగి చూశారట.

థియేటర్_తమ్ముడు:
అదీ సంగతి. ఆయన చూసింది మచ్చని కాదు, మాత్రని. ఆ మాత్ర మీద ఉండగా వీపులో రంధ్రం వేస్తే నెత్తురు ఆగదు. ఏడు నెలలకే ఆపితే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం. ఆపొచ్చా, ఎప్పుడు అనేది గుండె డాక్టరుగారు చెప్పాలి. మీరు మాత్రం సొంతంగా ఆపకండి. చీటీ పట్టుకుని మొదటాయన దగ్గరికి మళ్లీ వెళ్లండి.

కొత్తపేట_బాబాయ్:
నేను ముందే చెప్పాగా లేజరని.

థియేటర్_తమ్ముడు:
చెప్పారు బాబాయ్ గారూ, కారణమే వేరే చెప్పారు. మీ బావగారు అప్పట్లో ఏం మాత్రలు వాడేవారో కనుక్కోండి ఓసారి.