మీటింగ్ పెడితే ఎప్పుడూ ఆ ఎనిమిది మందే, మిగతావాళ్లని ఎలా కలుపుకోవాలి?

వీధిదీపం:
అందరికీ నమస్తే. మా ఏరియాలో రెసిడెంట్స్ గ్రూపు రెండేళ్లుగా నడుపుతున్నాం. చెట్లు నాటాం, తడి చెత్త పొడి చెత్త వేరు చేయించాం, అదంతా బానే సాగుతోంది. మనుషుల దగ్గరికొచ్చేసరికే బండి కదలట్లేదు. మీటింగ్ అంటే ఎప్పుడూ ఆ ఎనిమిది మందే, అందరూ సొంతిల్లు వాళ్లే, అద్దెకుండేవాళ్లు ఒక్కరూ రారు. పోయిన నెల ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన బాత్రూంలో జారిపడి రాత్రంతా అక్కడే ఉండిపోయారు, గోడకి అవతలే ఇంకో కుటుంబం ఉంది, వాళ్లకి పొద్దున దాకా తెలీలేదు. ఆయన ఇప్పుడు కోలుకున్నారు కానీ నాకు మాత్రం ఆ రోజు నుంచి మనసు మనసులో లేదు. సోషల్ సస్టైనబిలిటీ, అంటే ఒక చోట ఉండేవాళ్లంతా ఎవరూ వెలి కాకుండా ఒకరికొకరు ఆసరాగా కలకాలం బతకగలగడం, అని పెద్ద మాట వింటుంటాం కదా, అది మాలాంటి ఒక్క వీధిలో ఎక్కడ మొదలుపెట్టాలి?

చెట్టునీడ:
ముందు ఆ పెద్దాయన సంగతే పట్టుకోండి, అసలు విషయం అక్కడే ఉంది. 1995 జూలైలో అమెరికాలో షికాగోకి భయంకరమైన వడగాడ్పు వచ్చింది, మామూలుగా జరిగే మరణాల కంటే 700 మందికి పైగా ఎక్కువ చనిపోయారు, వాళ్లలో ఒంటరి ముసలివాళ్లే చాలామంది. తర్వాత ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సోషియాలజిస్టు పక్కపక్కనే ఉన్న రెండు పేటల్ని పోల్చి చూశాడు, రెండు చోట్లా పేదరికం ఉంది, ఒంటరి వృద్ధులు ఉన్నారు, కానీ చావులు మాత్రం ఒక పేటలో చాలా తక్కువ. అక్కడ వీధుల్లో జనసంచారం ఉంది, ముసలివాళ్లు బయటికి రావడానికి భయపడలేదు. ఇంకో పేటలో ఖాళీ స్థలాలు, మూతపడ్డ దుకాణాలు, బయటికొస్తే ఏమవుతుందోనన్న భయం. అంటే మనుషులు మంచివాళ్లా కాదా అన్నది కాదు, కలుసుకోడానికి చోటుందా లేదా అన్నది. మీ వీధిలో ఓ ముసలాయన నడుస్తూ నడుస్తూ ఆయాసమొస్తే కూర్చోడానికి ఏముందో ఒకసారి చూడండి.

రాత్రిడ్యూటీ:
నేను అద్దెకుండేవాణ్ణే కాబట్టి నా వైపు నుంచి చెప్తా, తప్పుగా అనుకోవద్దు. మా దగ్గర మీటింగ్ ఆదివారం పొద్దున పదింటికి పెడతారు, నేను డ్యూటీ దిగి పడుకునేదే అప్పుడు. అయినా ఒకసారి నిద్ర ఆపుకుని వెళ్లా, వెళ్లేసరికి పార్కు గేటు ఎన్నింటికి మూయాలో ముందే రాసేసిన కాగితం చేతికిచ్చి ఇక్కడ సంతకం పెట్టండి అన్నారు. నేను తిరిగొచ్చే టైముకి ఆ గేటు మూసుంటుందని చెప్పబోతే అదంతా అయిపోయింది లెండి అన్నారు. ఆ తర్వాత మళ్లీ వెళ్లలేదు. మాకు ఇంట్రెస్ట్ లేదని అందరూ అనుకుంటారు గానీ మా మాట పడే సందే అక్కడ లేదు.

గట్టుమీద:
పై రిప్లై చదివాక బాధేసింది, అది నూటికి నూరుపాళ్లు నిజం. షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ 1969లోనే జనం పాల్గొనడాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది. సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం ఆ నిచ్చెనలో మధ్య మెట్లే, నిర్ణయం చేతిలోకొచ్చేది పై మెట్లకి వెళ్తేనే. మన కమిటీలు చాలావరకు మధ్యలోనే ఆగిపోతాయి. బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రి నగరం 1989లో ఊరి బడ్జెట్‌లో కొంత భాగం దేనికి ఖర్చు పెట్టాలో జనాన్నే కూర్చోబెట్టి తేల్చమంది, చెప్తే జరుగుతుందని తెలిశాక పేద వాడల వాళ్లు కూడా పెద్ద సంఖ్యలో వచ్చారు. 2009లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ చెప్పిందీ దాదాపు ఇదే, రూలు ఎవరి మీద పడుతుందో ఆ రూలు మార్చడంలో వాళ్లకి వంతుండాలి అని. కాబట్టి వీధిదీపం గారూ, మీ దగ్గరున్న నిధిలో చిన్న భాగం పక్కన పెట్టి దాని మీద నిర్ణయం రానివాళ్లకే వదిలేయండి, మీ ఎనిమిది మందీ ఆ ఒక్క విషయంలో ఓటు వేయకండి. ఇంకోటి, అన్ని పనులూ మీరే నెత్తినేసుకోకండి, ఇద్దరు ముగ్గురు అలిసిపోతే గ్రూపే ఆగిపోతుంది, ఇలా ఆగిపోయినవి నేను చూశాను.

వీధిదీపం:
అందరికీ చాలా థ్యాంక్స్, ముఖ్యంగా రాత్రిడ్యూటీ గారికి, మేమూ అచ్చం అలాగే చేశామని మీ రిప్లై చదివాకే అర్థమైంది. ఈ వారం నోటీసు అంటించకుండా నేనూ ఇంకొకరూ పద్నాలుగు ఇళ్లకి వెళ్లి తలుపు తట్టాం, ఒక్కటే ప్రశ్న అడిగాం, ఈ వీధిలో మీకు ఇబ్బందిగా ఉన్నది ఏంటి అని. చెట్ల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నలుగురు వేర్వేరుగా ఒకటే చెప్పారు, మలుపు దాకా నడిస్తే కూర్చోడానికి ఏమీ లేదని. ఆ పడిపోయిన పెద్దాయన అయితే, సగం దూరం వెళ్లి కరెంటు స్తంభం పట్టుకుని నిలబడి వెనక్కొచ్చేస్తా, అందుకే బయటికి రావడం మానేశా అన్నారు. బెంచీకి డబ్బు పక్కన పెట్టాం. ఎక్కడ వేయాలో ఆయనా, ఇంకో ముగ్గురూ, అద్దెకున్న రెండు కుటుంబాలూ తేలుస్తారు. మీటింగ్ కూడా ఆయన ఇంటి వరండాలోనే, సాయంత్రం ఏడింటికి, వాళ్లందరికీ కుదిరే టైము అదేనట.