ఊట తక్కువగా ఉన్న ఇంటి బోరుకు ఎంత మోటారు, ఎంత ట్యాంకు?

ప్రశ్న:
మా ఇంటి బోరు లోతు 90 మీటర్లు, వ్యాసం 150 మిల్లీమీటర్లు. మోటారు ఆపి ఉంచితే నీటిమట్టం 25 మీటర్ల దగ్గర ఉంటుంది. ఆగకుండా తోడితే 60 మీటర్లకు దిగి, నిమిషానికి సుమారు 8 లీటర్ల ఊటతో అక్కడ నిలుస్తుంది. ఇంటి వాడకం రోజుకు 800 లీటర్లు. 8 మీటర్ల ఎత్తున, డాబా మీద 500 లీటర్ల ట్యాంకు ఉంది. ఒకరు 2 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ (బోరులో నీటిలోనే మునిగి ఉండే మోటారు) వేయమంటున్నారు, మరొకరు 1 హెచ్‌పీ చాలంటున్నారు. పెద్ద మోటారైతే ట్యాంకు త్వరగా నిండుతుంది కదా అన్నది నా సందేహం.

మొదటి సమాధానం:
ట్యాంకు త్వరగా నిండే మాట నిజమే కానీ, బోరు అంతకన్నా త్వరగా ఖాళీ అవుతుంది. 150 మిల్లీమీటర్ల బోరులో మీటరు లోతుకు దాదాపు 17.7 లీటర్లు నిలుస్తాయి కాబట్టి, 25 నుంచి 60 మీటర్ల మధ్య మీకున్న నిల్వ సుమారు 620 లీటర్లు. నిమిషానికి 60 లీటర్లు తోడే మోటారు ఆ నిల్వను పన్నెండు నిమిషాల్లోపే లాగేస్తుంది. ఆ తరువాత ఎంత హెచ్‌పీ ఉన్నా మీకు దక్కేది ఊట మాత్రమే. అందుకే హెచ్‌పీ సంగతి చివరికి వదిలి, నిమిషానికి 15 లీటర్లు చాలని ముందుగా నిర్ణయించుకోండి.

హెడ్డును, అంటే పంపు నీటిని ఎత్తాల్సిన మొత్తం ఎత్తును, మోటారు దింపిన లోతు నుంచి లెక్కిస్తుంటారు, అది సరికాదు. తోడేటప్పటి నీటిమట్టం 60, ట్యాంకు ఎత్తు 8, పైపు రాపిడికి ఓ 4 కలిపితే 72 మీటర్లు. ఆ హెడ్డు వద్ద నిమిషానికి 15 లీటర్లు ఇచ్చే పంపును తయారీదారు పట్టికలో వెతికితే సాధారణంగా 0.75 హెచ్‌పీ సరిపోతుంది, మహా అయితే 1. నీటిమట్టం పైన ఉన్నప్పుడు అదే పంపు ఎక్కువ పోస్తుంది కనుక డెలివరీ పైపుకు గేట్ వాల్వు పెట్టి తగ్గించుకోవాలి. అడుగున ఒండ్రు ఉంటుంది కాబట్టి మోటారును 75 మీటర్ల లోతు వరకే దింపడం మేలు.

రెండవ సమాధానం:
పై లెక్కతో ఏకీభవిస్తున్నాను. ఉదయం అరగంట, సాయంత్రం అరగంట తోడితే 900 లీటర్లు వస్తాయి. ఒక్కో విడతకు 450 లీటర్లే కాబట్టి ఊట ఏమీ చేరకపోయినా మట్టం 60 మీటర్లకు దిగదు. అయితే 500 లీటర్ల ట్యాంకు చాలదు. కరెంటు ఒక పూట పోయినా, మోటారు చెడి పైకి తీయాల్సి వచ్చినా ఇబ్బంది పడతారు. డాబా మీద బరువు పెంచడం కన్నా (1000 లీటర్ల నీరే ఒక టన్ను) నేల మీద 2000 లీటర్ల సంపు కట్టి, అక్కడి నుంచి చిన్న మోనోబ్లాక్ మోటారుతో (నేల మీద పెట్టే పంపు) పైకి ఎక్కించడం మంచిది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ట్యాంకులో ఫ్లోటు స్విచ్ ఉంది కనుక డ్రై రన్ (నీరు లేకుండా మోటారు తిరగడం) రక్షణ వేరుగా కావాలా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
కావాలి. ఫ్లోటు స్విచ్‌కు ట్యాంకు నిండిన సంగతే తెలుస్తుంది, బోరు ఎండిన సంగతి తెలియదు. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ పారే నీరే. అది లేకపోతే వైండింగ్ కాలిపోతుంది. నీరు అందనప్పుడు మోటారు తీసుకునే కరెంటు పడిపోతుంది, దాన్ని గుర్తించి ఆపే రిలేను స్టార్టరులో బిగించి, తిరిగి మొదలయ్యే వ్యవధిని కనీసం గంటకు పెట్టండి. ఇంకొక మాట: మీ 8 లీటర్ల ఊట వేసవి చివర కొలిచినది కాకపోతే, అప్పుడు మరోసారి కొలిచాకే పంపు కొనండి.