పనిచోట గొడవ మేలా, చేటా? మీ అనుభవాలు చెప్పండి

చీమకుర్తి_సూపర్‌వైజర్:
నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఎగుమతికి సిద్ధమైన గెలాక్సీ రకం నల్ల గ్రానైట్ స్లాబు మీద సన్నని పగులు ఉందని మా చెకింగ్ కుర్రవాడు పట్టుబట్టాడు. అది రాతిలో సహజంగా ఉండే గీతేనని లోడింగ్ ఇన్‌చార్జి వాదించాడు. బయట కంటెయినరు నిలిచి ఉంది, లోపల గొంతులు లేచాయి. చివరికి స్లాబు మీద నీళ్లు చల్లి, గుడ్డతో తుడిచి చూశాం. రాయంతా ఆరిపోయినా ఆ గీత మాత్రం తడిగానే మిగిలింది. పగులే. కుర్రవాడు మొహమాటపడి ఊరుకుని ఉంటే ఆ స్లాబు సముద్రం దాటి వెళ్లాక తిరస్కరించేవారు. అయితే ఆ తరువాత వారం రోజులు వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఇలాంటి గొడవను సాగనివ్వాలా, మొదట్లోనే ఆపాలా?

ముత్తుకూరు_గట్టు:
మా రొయ్యల గుంటల దగ్గర మేత ఎంత వేయాలన్న విషయంలో ఇద్దరికి రోజూ వాదన జరిగేది. చెక్ ట్రే పైకి లాగి, మిగిలిన మేత చూస్తే అది అక్కడికక్కడే తేలిపోయేది కాబట్టి నేను పట్టించుకోలేదు. తప్పు నాదే. వాదన కాస్తా ‘నిన్నగాక మొన్న వచ్చినవాడివి, నీకేం తెలుసు’ అనే దాకా పోయి, మాటలు ఆగిపోయాయి. గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. సరిగ్గా ఆ వేళ నీటికి గాలి ఎక్కించే ఏరియేటర్లు రెండు ఆగిపోతే, చూసినవాడు తన డ్యూటీ కాదని రెండోవాడికి చెప్పలేదు. తెల్లారేసరికి రొయ్యలు నీటిపైకి తేలి గట్టువారకు చేరాయి.

ఒంగోలు_అధ్యాపకుడు:
మీ ఇద్దరి అనుభవాల మధ్య ఉన్న తేడాను కరెన్ జెన్ అనే పరిశోధకురాలు 1995లో వివరించారు. పని గురించిన భేదాభిప్రాయం వేరు, మనుషుల మధ్య పెరిగే వైరం వేరు. మొదటిది కూడా రోజూ ఒకే తీరున సాగే పనుల్లో కాక, ఆలోచించి తేల్చాల్సిన పనుల్లోనే ఉపయోగపడుతుందని ఆమె గమనించారు. అయితే 2003లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినవారికి రెండు రకాలూ పనితీరుకు చేటుగానే కనిపించాయి. 2012 నాటి మరో సమీక్ష, వైరంతో ముడిపడనప్పుడు భేదాభిప్రాయం వల్ల అంత నష్టం లేదని తేల్చింది. కనుక ‘గొడవలు మంచివే’ అని శిక్షణ తరగతుల్లో తేలిగ్గా చెప్పేవారి మాట నేను నమ్మను.

కందుకూరు_ఉద్యోగిని:
అందరూ సమానులన్నట్టు మాట్లాడుకుంటున్నాం గానీ, పై అధికారికి ఎదురు చెప్పిన చిన్న ఉద్యోగికి ఆ వాదన ఖరీదు ఎంతో చెప్పనక్కర్లేదు. మా పాత ఆఫీసులో లెక్కల్లో తేడా చూపించినందుకు నన్ను మూడు నెలలు రికార్డు గదికి పరిమితం చేశారు. ఇంకొక మాట: వేధింపును ‘సిబ్బంది మధ్య గొడవ’ అని పేరు మార్చి సర్దిచెప్పడం చాలాచోట్ల చూశాను. మహిళలపై లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం, పదిమంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అది రాజీ పంచాయితీ కాదు. ఇక సూపర్‌వైజర్ గారూ, మీ లోడింగ్ ఇన్‌చార్జికి బోనసు దేని మీద లెక్కకడతారు?

చీమకుర్తి_సూపర్‌వైజర్:
కంటెయినర్ల లెక్కనేనమ్మా. చెకింగ్ కుర్రవాడికి జీతం తప్ప ఏమీ లేదు. ఇన్నాళ్లూ అది ఇద్దరి కోపం అనుకున్నాను. ఇప్పుడు అనుమానం వచ్చిన ప్రతి స్లాబునూ ఇద్దరి ఎదుటా తడిపి, గీత పక్కన సుద్దముక్కతో గుర్తు పెట్టిస్తున్నాను, కేకలు తగ్గాయి. బోనసు సంగతి యజమాని దగ్గర కదిపేది ఎవరన్నదే ఇంకా తేలలేదు.