చిలగడదుంప ఇంట్లో ఉడికిస్తే తీపి ఎందుకు రావడం లేదు?

విజయనగరం కోడలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. శివరాత్రి దగ్గర పడుతున్నది. మా ఇంట్లో ఆ రోజు నలుగురు ఉపవాసం ఉంటారు. అన్నం ముట్టకుండా పాలు, పండ్లు, ఉడికించిన చిలగడదుంపలతోనే జాగరణ పూర్తిచేస్తారు. ఈసారి దుంపలు ఉడికించే పని నాకు అప్పగించారు గనుక ముందుగానే రెండుసార్లు చేసి చూశాను. రెండుసార్లూ బాగా రాలేదు.

నేను చేసిన విధానం ఉన్నదున్నట్టు చెబుతాను. రైతుబజారులో పైన ఎర్రతొక్క, లోపల తెల్లని కండ ఉన్న దుంపలు కిలో కొన్నాను. ఇంటికి రాగానే శుభ్రంగా కడిగి, కూరగాయలతో పాటు ఫ్రిజ్‌లో పెట్టాను. ఒక వారం గడిచాక వాటిలో సగం తీసి, చెక్కు తీసి, అంగుళం ముక్కలుగా కోసి, మునిగేంత నీళ్లు పోసి కుక్కరులో మూడు విజిళ్లు రానిచ్చాను. మూత తీసేసరికి ముక్కల అంచులు చెదిరి నీళ్లలో కలిసిపోయాయి. తీపి అన్నది పేరుకైనా లేదు. అంతగా చెదిరిన వాటిలోనే కొన్ని ముక్కల నడుమ పంటికి తగిలే గట్టి పలుకు మిగిలిపోవడం నాకు అర్థం కాలేదు. మిగిలిన సగాన్ని మరునాడు అయిదు విజిళ్లు ఉంచినా ఆ పలుకు పోలేదు.

చీపురుపల్లి దగ్గరి పల్లెలో మా అమ్మమ్మ కట్టెల పొయ్యి మీద మట్టికుండలో దుంపలు పెట్టి, తన పనులన్నీ ముగించుకుని వచ్చి దించేది. తొక్క ఒలుస్తుంటే దాని కింద తేనెరంగు జిగురు వేళ్లకు అంటుకునేది. బెల్లం పలుకైనా వేయకుండా అంత తీపి ఎక్కడి నుంచి వచ్చేదో అప్పట్లో అడగాలని తోచలేదు. అడుగుదామంటే ఇప్పుడు ఆమె లేదు. లోపం దుంపలో ఉన్నదా, నా వంటలో ఉన్నదా? మా మామగారికి మధుమేహం ఉన్నది. ఆయనకు వీటిని పెట్టవచ్చునా అన్నది కూడా తెలిసినవారు దయచేసి చెప్పండి.

శ్రీకాకుళం నుంచి ఒక ఉద్యోగి

కుక్కరు మానేసి మైక్రోవేవ్ వాడి చూడండి. దుంపకు ఫోర్కుతో నాలుగైదు గాట్లు పెట్టి తడిబట్టలో చుట్టి పెడితే ఏడెనిమిది నిమిషాల్లో ఉడికిపోతుంది, నీళ్లలో చెదిరే సమస్య ఉండదు. నేను రోజూ ఆఫీసుకు వెళ్లే ముందు అలాగే చేసుకుంటాను.

నరసన్నపేట ఉపాధ్యాయిని

పైవారు చెప్పిన పద్ధతిలో దుంప చెదరకుండా ఉడుకుతుందన్న మాట నిజమే. అయితే కోడలుగారు అడుగుతున్నది తీపి గురించి. ఆ విషయంలో మైక్రోవేవ్ కూడా కుక్కరు చేసిన పనే చేస్తుంది. కారణం కొంచెం వివరంగా రాస్తాను.

పచ్చి చిలగడదుంపలో చక్కెర కొంత ఉన్నా, ఎక్కువ భాగం పిండిపదార్థమే. ఆ పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మార్చగల బీటా ఎమైలేజ్ అనే ఎంజైము కూడా దుంపలోనే ఉంటుంది. పచ్చి పిండిరేణువు గట్టిగా ముడుచుకుని ఉన్నంతకాలం ఆ ఎంజైము దాని జోలికి పోలేదు. వేడి తగిలి రేణువులు నీరు పీల్చుకుని ఉబ్బడం మొదలైనప్పుడే దానికి పని దొరుకుతుంది. వేడి మరీ పెరిగితే ఎంజైమే చెడిపోతుంది. దుంప లోపలి వేడి సుమారు 60 నుంచి 75 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎంతసేపు నిలిస్తే అంతసేపూ తీపి తయారవుతూనే ఉంటుంది. మీ అమ్మమ్మగారి కుండలో పుట్టిన తేనెరంగు జిగురుకు మూలం ఇదే.

ఇప్పుడు మీ కుక్కరు సంగతి చూడండి. కుక్కరు లోపలి వేడి 120 డిగ్రీల దాకా పోతుంది. అంగుళం ముక్కకు ఆ వేడి నాలుగు వైపులా తగలడం వల్ల అది తీపి తయారయ్యే దశను నిమిషాల మీద దాటిపోతుంది. పైగా చెక్కు తీసి కోసిన ముక్కలను మునిగేంత నీళ్లలో ఉడికించారు గనుక ఉన్న కాస్త చక్కెర కూడా నీళ్లలోకి దిగిపోయింది. ఆ నీళ్లు పారబోసే ముందు నోట్లో వేసుకుని చూసి ఉంటే మీకే తెలిసేది.

గ్యాసు పొయ్యి మీద నేను చేసే పద్ధతి ఇది. ఒక్కొక్కటి 150 నుంచి 200 గ్రాముల బరువున్న, ఇంచుమించు ఒకే లావు దుంపలను ఎంచుకుంటాను. తొక్క తీయకుండా, కోయకుండా చన్నీళ్లలో వేసి సన్నని సెగ మీద పెడతాను. గిన్నె అడుగున చిన్న బుడగలు కనబడాలి, నీళ్లు మాత్రం తెర్లకూడదు. సెగ తగ్గిస్తూ పెంచుతూ ఆ స్థితిలోనే అరగంట సేపు ఉంచుతాను. తరువాత నీళ్లు వంచేసి, దుంపలను ఇడ్లీపాత్రలో చిల్లుల పళ్లెం మీద పెట్టి ఆవిరికి ఇరవై నిమిషాలు వదిలేస్తాను. పుల్ల గుచ్చితే అడ్డం లేకుండా దిగాలి. దించిన వెంటనే ఒలవకుండా పది నిమిషాలు ఆగితే తొక్క దానంతటదే వదులవుతుంది.

మీ మామగారి విషయం. నిప్పుల్లో కాల్చిన దుంప కంటే ఉడికించిన దుంప రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచుతుంది. కాబట్టి ఆయనకు కాల్చినవి వద్దు. ఉడికించినవైనా చిన్న దుంప ఒక్కటే, పాలతోనో వేరుసెనగ పలుకులతోనో కలిపి పెట్టండి. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉన్నది. మధుమేహానికి మందులు వాడేవారు రోజంతా ఉపవాసం ఉంటే చక్కెర హఠాత్తుగా పడిపోయే ప్రమాదం ఉంటుంది. ఆ రోజు మాత్రలు ఎలా వేసుకోవాలో, అసలు ఉపవాసం ఉండవచ్చునో లేదో ఆయనకు వైద్యం చేస్తున్న డాక్టరును ముందుగా అడిగి తీరాలి.

ముక్కల నడుమ మిగిలిన గట్టి పలుకుకు మాత్రం ఈ వివరణ సరిపోదు. అయిదు విజిళ్లకూ మెత్తబడలేదంటే దుంపకే ఏదో జరిగి ఉండాలి. పండించేవారు ఎవరైనా చెబితే బాగుంటుంది.

నాగావళి రైతు, ఆమదాలవలస దగ్గర

టీచరుగారు అడిగినదానికి నేను జవాబు చెప్పగలను. ఆ పలుకుకు కారణం ఫ్రిజ్. చిలగడదుంప వేడి దేశాల పంట. 12 డిగ్రీల కంటే తక్కువ చలిలో రోజుల తరబడి ఉంటే పచ్చిదుంప లోపలి కండ దెబ్బతింటుంది. పైకి ఏమీ తెలియదు, ఉడికించినప్పుడే నడిమి భాగం రాయిలా నిలిచిపోతుంది. ఆ తరువాత ఎన్ని విజిళ్లు వేసినా లాభం ఉండదు. ఇంట్లో గాలి ఆడే చోట, వెలుతురు తగలని మూలలో వెదురుబుట్టలో ఉంచండి. కడిగి నిలవ చేయవద్దు. తడి తగిలితే కుళ్లు పడుతుంది. మట్టి పొడిచేత్తో దులిపి ఉంచి, వండే ముందు కడగండి.

రెండో సంగతి, దుంప తవ్విన రోజునే తినడానికి మంచిది కాదు. మాకు నది ఒడ్డున ఇసుక నేలలో అర ఎకరం చిలగడ ఉన్నది. బోదెల మీద తీగముక్కలు నాటి సుమారు నాలుగు నెలలకు తవ్వుతాము. దుంప ఊరిందో లేదో తెలుసుకోవడానికి ఒకదాన్ని అడ్డంగా కోసి గాలికి పెడతాము. కోసిన చోట కారిన పాలు తెల్లగానే ఆరిపోతే దుంప ముదిరినట్టు. ఆకుపచ్చ కలిసిన నలుపు తిరిగితే ఇంకా లేతగా ఉన్నట్టు. తవ్విన దుంపలను చావిడిలో నీడపట్టున పరిచి వారం పది రోజులు ఆరనిస్తాము. ఆ రోజుల్లో పార తగిలిన గాట్లకు కొత్త తొక్క కడుతుంది, నిలవలో ఉన్నకొద్దీ దుంపలో తీపి పెరుగుతుంది. నాన్నగారు దీన్ని దుంప మాగడం అనేవారు. పండుగ గిరాకీ ఉన్నప్పుడు మాత్రం పొద్దున్న తవ్వినది మధ్యాహ్నానికే బజారుకు చేరిపోతుంది. తొక్క మీద గోరుతో గీస్తే సులువుగా లేచి వస్తున్నదంటే అది తవ్వి ఒకటి రెండు రోజులే అయిందని అర్థం చేసుకోండి. అటువంటివి కొంటే వారం రోజులు ఇంట్లోనే మాగనివ్వండి.

ఒక్క మాట మాత్రం అందరూ గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. దుంప మీద సన్నని రంధ్రాలు, కోస్తే లోపల నల్లని సొరంగాలు కనబడితే అది ముక్కుపురుగు పట్టినది. బూజు పట్టి నల్లబడినవి కూడా అటువంటివే. పురుగుకూ బూజుకూ ఎదురు నిలవడానికి దుంప తనలో చేదు విషాన్ని తయారు చేసుకుంటుంది. ఉడికించినా కాల్చినా ఆ విషం పోదు. కొంచెం చెడితే ఆ మేరకు కోసేసి మిగతాది వండేవారిని చాలామందిని చూశాను. చేదు మంచి భాగంలోకి కూడా పాకి ఉంటుంది, దుంప మొత్తం పారవేయండి. పారవేయడం అంటే పశువుల తొట్టిలో వేయడం కాదు. బూజు పట్టిన చిలగడదుంపలు తిన్న పశువులకు ఊపిరితిత్తులు దెబ్బతిని, ఆయాసంతో చనిపోతాయి. మా వీధిలో ఒకరి చూడి ఆవు అలాగే పోయింది. నోరు తెరిచి, మెడ ముందుకు చాచి గాలి కోసం అది పడిన బాధ ఇప్పటికీ నా కళ్ల ముందు ఉన్నది. గోతిలో వేసి మన్ను కప్పండి.

విజయనగరం కోడలు

మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. కడిగి ఫ్రిజ్‌లో పెట్టడం శుభ్రత అనుకున్నాను, అదే దుంపకు చేటు అయింది. రైతుగారూ, నారింజ రంగు కండ ఉన్న దుంపలు కూడా ఒకచోట చూశాను. శివరాత్రికి అవి మేలా, తెల్లవి మేలా?

నాగావళి రైతు, ఆమదాలవలస దగ్గర

కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ 1963లో తిరువనంతపురంలో ఏర్పడింది. దాని ప్రాంతీయ కేంద్రం మనకు దగ్గరగా భువనేశ్వర్‌లో ఉన్నది. భూ సోనా అనే నారింజ రకం, భూ కృష్ణ అనే ఊదా రకం వారు ఇచ్చినవే. నారింజ దుంపలో కంటికి మేలు చేసే బీటా కెరోటిన్ ఎక్కువ. చెంచాడు నెయ్యితో తింటే అది ఒంటికి బాగా పడుతుంది. కండ మాత్రం తడిగా, మెత్తగా ఉంటుంది గనుక బొబ్బట్ల పూర్ణానికి, పాయసానికి బాగుంటుంది. పొడిపొడిగా, కడుపు నిండినట్టు ఉండాలంటే తెల్లదే నా ఎంపిక.

బొబ్బిలి పెద్దమ్మ

అమ్మా, అమ్మమ్మ కుండ సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మా ఇంట్లోనూ అలాగే చేసేవారము. కుండ అడుగున గుప్పెడు ఎండుగడ్డి పరిచి, గడ్డి తడిసేంత నీళ్లు మాత్రమే పోసి, దుంపలను గడ్డి మీద పేర్చి, మూతి మీద తడిగుడ్డ, దానిపైన మూకుడు పెట్టాలి. గేగులు, అదే తాటి తేగలు, ఉడికించేది కూడా ఇలాగే గదా. మట్టికుండ వేడి ఎక్కడానికే చాలాసేపు పడుతుంది. టీచరుగారు గ్యాసు మీద సెగ తగ్గించి సాధిస్తున్నది ఆ కుండ తనంతట తానే చేసేది. మంట ఆరిన తరువాత కూడా నిప్పుల మీదే గంట సేపు వదిలేసేవారము.

ఉపవాసం మరునాడు దుంపలు మిగిలితే ఆవ పెట్టిన పులుసు చేయి తల్లీ. పచ్చిదుంపలతో చేసేటట్టయితే ముక్కలు కోయగానే నీళ్లలో వేయి, లేకపోతే నల్లబడతాయి. చేతికి నూనె రాసుకుంటే పాలజిగురు అంటదు. అరకిలో ముక్కలను ముందు ఉత్త నీళ్లలోనే ఉడకనివ్వాలి. చింతపండు పులుసు మొదటే పోస్తే ఆ పులుపుకు ముక్క బిగిసిపోయి ఎంతకీ మెత్తబడదు. ముక్క ఉడికాక నిమ్మకాయంత చింతపండు పులుసు, పసుపు, ఉప్పు, నాలుగు పచ్చిమిరపకాయల చీలికలు వేయాలి. దుంపలోనే తీపి ఉన్నది గనుక బెల్లం చిన్న ముక్క చాలు. ఒక చెంచా ఆవాలను పది నిమిషాలు నానబెట్టి, ఎండుమిరపకాయతో కలిపి మెత్తగా నూరి ఉంచుకో. నువ్వులనూనెతో పోపు పెట్టి, పులుసు దించి, పొగలు కాస్త తగ్గాకే ఆవముద్ద కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది.

ఉద్దానం వైపు మా చుట్టాలలో మూత్రపిండాల జబ్బు ఉన్నవారున్నారు. చిలగడదుంపలో పొటాషియం ఎక్కువ గనుక అటువంటివారు డాక్టరును అడగనిదే తినకూడదు. వారికి పెట్టవచ్చునన్నా ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి పెట్టమంటారు.

విజయనగరం కోడలు

పది రోజుల తరువాత మళ్లీ రాస్తున్నాను. కొత్తగా కొన్న దుంపలను గోరుతో గీసి చూస్తే తొక్క లేచి వచ్చింది. వారం రోజులు బుట్టలో మాగనిచ్చి, టీచరుగారు చెప్పినట్టే అరగంట సన్నసెగ మీద, ఇరవై నిమిషాలు ఆవిరి మీద ఉడికించాను. లావు దుంపకు మరో పది నిమిషాలు పట్టింది. నడుమ పలుకు ఒక్కదానిలోనూ లేదు. తొక్క ఒలుస్తుంటే బొటనవేలికి జిగురు అంటింది, తేనెరంగే. మా అమ్మకు ఒకటి పంపితే, తిని ఫోను చేసి కుండలో పెట్టావా అని అడిగింది.

మామగారిని డాక్టరు ఉపవాసం వద్దన్నారు. ఆ రోజు ఆయన వేళకు భోజనం చేసి, అన్నం కాస్త తగ్గించుకుని అరదుంప తింటానని ఒప్పుకున్నారు. మట్టికుండ కూడా కొన్నాను, నీళ్లు పోసి నానబెట్టి ఉంచాను. పెద్దమ్మగారూ, ఎండుగడ్డి మా వీధిలో దొరకడం లేదు. దానికి బదులు అరటి ఆకు తొడిమలు పరిస్తే సరిపోతుందా?

బొబ్బిలి పెద్దమ్మ

సరిపోతాయమ్మా. తొడిమలను నిలువుగా చీల్చి, అడ్డదిడ్డంగా రెండు వరసలు పరుచు. దుంప నీటిని తాకకూడదు, అంతే.