మూడు నెలల పాపకు ఇంట్లోనే మంచి ఫొటోలు తీయడం ఎలా?

మేము విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఉంటున్నాము. మా పాపకు మొన్ననే మూడు నెలలు నిండాయి. బోర్లా పడి బొబ్బట్లు పంచే రోజు రాకముందే, వెల్లకిలా పడుకుని నవ్వే ఈ ముఖాన్ని చక్కగా ఫొటో తీసి దాచుకోవాలని నా కోరిక.

నా దగ్గర పాత కెమెరా, 50 ఎం.ఎం. లెన్సు ఉన్నాయి. మా పడకగదికి తూర్పు కిటికీ ఒక్కటే ఉండడం వల్ల, ఉదయం సముద్రం వైపు నుంచి వచ్చే ఎండ నేరుగా పడి, పాప ముఖం ఒక పక్క తెల్లగా వెలిసిపోయినట్లు, రెండో పక్క చీకటిగా వస్తోంది. కిటికీకి తెల్లని పంచె కడితే వెలుగు మెత్తబడుతుందా, లేక ఎండ పైకెక్కే దాకా ఆగడం మేలా? పాప తలను కిటికీ వైపు ఉంచాలా, పక్కకు తిప్పాలా?

అపర్చరు (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) బాగా తెరిచి ఎఫ్ 1.8 వద్ద తీస్తే బుగ్గ మీది దిష్టిచుక్క స్పష్టంగా వచ్చి, కనురెప్పలు మసకబారుతున్నాయి. దాన్ని చిన్నది చేసి ఎఫ్ 4కు మారిస్తే వెలుతురు చాలక, షట్టరు వేగం 1/60 సెకనుకు తగ్గి, ఆడించే చేతులు చెదిరిపోతున్నాయి. ఐ.ఎస్.ఓ. (వెలుగును పట్టే కెమెరా సున్నితత్వం) 3200 దాకా పెంచవచ్చునా? పాప ఉలిక్కిపడుతుంది కనుక ఫ్లాష్ మాత్రం వాడను. పసిపిల్లలను ఇంట్లో ఫొటోలు తీసిన అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.