మెయిన్స్ రాసేటప్పుడు దడ: రోజూ గడియారం పెట్టుకుని రాయాలా, వద్దా?

కృష్ణాతీరం:
తెలుగు మీడియంలో యూపీఎస్సీ మెయిన్స్ (సివిల్స్ రెండో దశ రాతపరీక్ష) రాస్తున్నాను. జీఎస్ (జనరల్ స్టడీస్) మొదటి మూడు పేపర్లలో ఒక్కోదానికి 20 ప్రశ్నలు, 180 నిమిషాలు, 250 మార్కులు. పోయినసారి మొదటి ప్రశ్న నాకు బాగా తెలిసింది వచ్చింది. సంతోషంతో దానికే పావుగంట పైన పెట్టాను. టైమ్ చూసుకోగానే గుండె దడ. అక్కడి నుంచి చేయి పరుగెత్తింది గానీ బుర్ర వెంట రాలేదు. చివర్లో నాలుగు ప్రశ్నలు ఖాళీ.

రోజూ టైమర్ పెట్టి రాస్తే భయం అదే పోతుందన్నారు. ఆరు నెలలు అలాగే రాశాను. పోలేదు సరికదా, ఇప్పుడు ఇంట్లో పెన్ను పట్టుకున్నా దడే. మొదటి రెండు నెలలు గడియారం జోలికి పోకూడదని నేనంటాను. మీరేమంటారు?

మూడో ప్రయత్నం:
తమ్ముడూ, నేను ఒప్పుకోను. లెక్క వేసుకో. పది మార్కులవి పది, పదిహేను మార్కులవి పది. ఒక్కోదానికి 7 నిమిషాలు, 11 నిమిషాలు అనుకుంటే సరిగ్గా 180. మంచినీళ్లు తాగడానికి కూడా మిగలదు. ఏడు నిమిషాల్లో 150 పదాలంటే చేతికి అలవాటు కావాల్సిందే. నేనూ మొదటిసారి నిదానంగా, అందంగా రాసుకుంటూ కూర్చున్నాను. హాల్లో పద్నాలుగో ప్రశ్న దగ్గరుండగా బెల్లు కొట్టారు.

సుద్దముక్క మాస్టారు:
తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. బాబూ, తొందర, టెన్షన్, భయం మూడూ ఒకటే అనుకుని మందు వెతుకుతున్నారు మీరిద్దరూ.

తొందర ప్రశ్న సరిగ్గా చదవకపోవడం వల్ల వస్తుంది. "వివరించండి" అన్నదానికీ "విమర్శనాత్మకంగా పరిశీలించండి" అన్నదానికీ ఒకే జవాబు మొదలుపెట్టి, సగంలో దారి తప్పామని తెలిసి కంగారు పడే పిల్లల్ని ఎంతమందినో చూశాను. ముందు ఒక్క నిమిషం ఆగి, నాలుగు ముక్కలు పెన్సిల్‌తో పక్కన రాసుకుంటే ఆ నిమిషం తర్వాత తిరిగొస్తుంది.

టెన్షన్ ఒంట్లో ఉంటుంది. పెన్ను గట్టిగా బిగించి పట్టుకుంటారు, భుజాలు చెవుల దాకా లేస్తాయి. రెండు జవాబులకోసారి పెన్ను కింద పెట్టి వేళ్లు విప్పాలి.

ఇక భయం. అది గడియారం వల్ల వచ్చింది కాదు, దిద్దేవాడి వల్ల వచ్చింది. రాసిన కాగితాన్ని ఎవరికీ చూపించకుండా దాచుకున్నంతకాలం ఆ భయం పోదు. తప్పులతోనే చూపించండి. ఎర్ర సిరా పడ్డాక కూడా మనం మనలాగే ఉంటామని పదిసార్లు చూస్తే తెలుస్తుంది.

అశోక్‌నగర్ అమ్మాయి:
మాస్టారూ, భయం గురించి ఒకటి. చికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. తొమ్మిదో తరగతి పిల్లలతో బయాలజీ పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాల గురించే రాయించారు. పరీక్షంటే బాగా భయపడే పిల్లలకు మార్కులు మెరుగుపడ్డాయి. నేనూ టెస్టుకి ముందు "ఈసారీ పోతే అమ్మకి ఏం చెప్పాలి" లాంటివన్నీ రాసి చించేస్తాను. మొదటి జవాబులో చేయి వణకడం తగ్గింది.

మూడో ప్రయత్నం:
అది బయాలజీ పరీక్ష చెల్లీ. మూడు గంటలు ఆపకుండా రాసే పేపర్‌కి అంతే పనిచేస్తుందని ఎలా అంటాం? నీకు పనికొస్తే మానకు. కానీ దాన్ని నమ్ముకుని టైమర్ వదలొద్దు.

కృష్ణాతీరం:
అన్నా, నీ లెక్క కాదనలేను. కానీ మాస్టారు చెప్పింది చదివాక ఒకటి అర్థమైంది. ఆరు నెలలు రాసినవన్నీ ఇనప్పెట్టెలో ఉన్నాయి, ఒక్కటీ ఎవరికీ చూపించలేదు. టైమర్ విషయంలో నా మాట మీదే ఉన్నాను, ఈ నెల పెట్టను. మాస్టారూ, ఇక్కడ ఒక జవాబు ఫోటో పెడితే దిద్దుతారా? చేతిరాత బాగుండదు.

సుద్దముక్క మాస్టారు:
పెట్టు బాబూ. తిరగరాయకుండా, ఉన్నది ఉన్నట్టే పెట్టు.