రస్ట్‌లో ఫర్ లూప్ వెక్టర్‌ని మింగేయడం న్యాయమేనా?

కావలి_రొయ్య:
మా నాన్న రొయ్యల చెరువుల లెక్కకి రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న ప్రోగ్రాం రాస్తున్నా. ఒక్కో చెరువుకి పేరు, కౌంట్ (కిలోకి ఎన్ని తూగుతాయో ఆ అంకె), అన్నీ ఒక వెక్టర్‌లో, అంటే లిస్టులో. 'ఫర్ చెరువు ఇన్ చెరువులు' అని తిప్పి పేర్లు ప్రింట్ చేశా. కింద లైన్లో మొత్తం ఎన్ని అని లెన్ అడిగితే కంపైలర్ ఈ0382 ఎర్రర్ ఇచ్చి, మూవ్ అయిపోయినదాన్ని (చేతులు మారిపోయినదాన్ని) వాడుతున్నావని తిట్టింది. చూడ్డానికి కదబ్బా తిప్పింది, తినేయడానికా? డిఫాల్ట్‌గా అరువు తీసుకుంటే పోయేదేముంది?

ఒంగోలు_గిత్త:
పోతుంది తమ్ముడూ. ఫర్ లోపల జరిగేది ఇంటూ ఇటర్ అనే ఫంక్షన్‌ని పిలవడమే, నువ్వు ఏది చేతిలో పెడితే అది తీసుకుంటుంది. వెక్టరే ఇస్తే వెక్టర్ పోతుంది, ముందు ఆంపర్‌సాండ్ (&) పెడితే అరువు, ఆంపర్‌సాండ్ మ్యూట్ అంటే లోపల కౌంట్ మార్చుకోవచ్చు. ఫంక్షన్‌కి ఇచ్చినా ఇదే రూల్, ఫర్‌కి వేరే రూల్ ఎందుకు?

కావలి_రొయ్య:
ఒకే రూల్ అంటావేందన్నా, రస్ట్ 2021 ఎడిషన్‌కి ముందు అర్రే (సైజు మారని లిస్టు) మీద డాట్ పెట్టి ఇంటూ ఇటర్ పిలిస్తే రెఫరెన్సులే (అరువే) వచ్చేవి, ఆ ఎడిషన్ నుంచి విలువలు. వాళ్ళకే కుదరడానికి అన్నేళ్ళు పట్టింది.

నెల్లూరు_సీప్లస్‌ప్లస్:
మా సీ ప్లస్ ప్లస్‌లో లూప్‌లో ఉత్త ఆటో అని రాస్తే ఒక్కో ఎలిమెంట్ కాపీ అవుద్ది, చప్పుడు కూడా రాదు. ఒకసారి ఆంపర్‌సాండ్ మర్చిపోయి, రేట్లు మారుస్తున్నామనుకుని ఒక పూటంతా కాపీలనే మార్చుకుంటూ కూర్చున్నాం, బయట లిస్టు మాత్రం ఉన్నదున్నట్టే ఉంది. దానికంటే అరిచే కంపైలర్ నయం. కాకపోతే ఆ అరుపుకి భయపడి కనిపించిన చోటల్లా క్లోన్ (పూర్తి నకలు) పెట్టేవాళ్ళంటేనే నాకు మంట, ఒక్కో స్ట్రింగుకీ హీప్ అనే మెమరీలో మళ్ళీ కొత్త చోటు.

కావలి_రొయ్య:
నేను పెట్టింది అదే 😀 ఇప్పుడు తీసేసి ఆంపర్‌సాండ్ పెట్టా. పట్టుబడికొచ్చిన చెరువు పేరుని ఇంకో వెక్టర్‌లోకి పుష్ చేయబోతే (చేర్చబోతే) ఈ0507 ఎర్రర్, అరువు తెచ్చుకున్నదాంట్లోంచి పేరు పెరికి ఇవ్వదంట. చూశారా, మళ్ళీ క్లోన్ దగ్గరికే తెచ్చింది.

ఒంగోలు_గిత్త:
పాత లిస్టు మళ్ళీ కావాలా? అక్కర్లేదంటే నీ మొదటి లూపే కరెక్టు, ఆంపర్‌సాండ్ తీసెయ్, పేర్లు కాపీ లేకుండా అటు పోతాయి. కావాలంటే ఆ ఒక్క పేరే క్లోన్ చెయ్, లేదా స్ట్రింగ్ బదులు దాని రెఫరెన్సు దాచుకో.

కావలి_రొయ్య:
కావాలి, నాన్న రాత్రికి మేత లెక్క అడుగుతాడు. ఆ ఒక్క పేరే క్లోన్ చేస్తున్నా. డిఫాల్ట్ మాత్రం తప్పే అంటా.